సిద్ధాంతవిద్య నిష్ప్రయోజనమా?

ప్రతి సంవత్సరమును పదవ తరగతి ముగియు దినములు సమీపించునప్పుడు మన ఉన్నత పాఠశాలలో ఒక ప్రశ్న తప్పక వినబడుచుండును. "పరమాణువునుగూర్చియు, కాంతినిగూర్చియు ఈ సిద్ధాంతము లెందులకు? పరీక్షకు వలసిన జవాబులు నేర్పిన చాలదా? పిల్లవానికి అన్నము పెట్టు విద్య ఏదియో అదియే చెప్పరాదా?" అని తల్లిదండ్రులు అడుగుచున్నారు. విద్యార్థులును పెద్దల మాట విని, పరమాణు నిర్మాణమను ప్రకరణము వచ్చినప్పుడు, చివరనున్న ప్రశ్నలకు నాలుగింటిలో ఏది సరియైన జవాబో గుఱుతు పెట్టుకొని, నడుమనున్న పుటలను త్రిప్పివేయుచున్నారు. ఈ ప్రశ్నకు ఉపాధ్యాయులమైన మేము సమాధానము చెప్పవలసియున్నది. కోపముతో గాదు, పరిహాసముతోను గాదు. ఇంటిలో కొన్ని సౌఖ్యములు మానుకొని, జీతములు కట్టి, బిడ్డలను చదివించువారు అడుగు ప్రశ్న న్యాయమైనదే.

మా అభిప్రాయమును ముందుగానే మనవి చేయుచున్నాము. కాంతి, పరమాణువు, సూక్ష్మకణములు అను వీనినిగూర్చిన సిద్ధాంతవిద్య నిష్ప్రయోజనము గాదు. దాని ప్రయోజనము ఆలస్యముగా వచ్చును. ఎదురుచూడని వాకిటినుండి వచ్చును. కాని ఆ ప్రయోజనమే ముఖ్య కారణమని మేము చెప్పబోము. ఎంత స్వల్పమైన భేదమునైనను కప్పిపుచ్చక ఒప్పుకొను సత్యబుద్ధిని ఆ విద్య అలవఱచును. అట్టి బుద్ధి లేనివాడు ఏ ఉద్యోగమునకు పోయినను ఆ ఉద్యోగమునకే నష్టము. ఊరక చెప్పిన మాట నమ్మదగినది గాదు గనుక ఒక ఉదాహరణమును తుదివఱకు చూపెదము. అది మన తెలుగునాటితోనే సంబంధము గలది.

మొదట మాటనుగూర్చి యొక మాట. "అది వట్టి సిద్ధాంతము" అని లోకులు తేలికగా అనుచుందురు. ఊహకును సిద్ధాంతమునకును భేదము లేదని వారి భావము. కాని మన భాషలోనే ఈ పదమునకు గౌరవమైన వాడుక కలదు. పంచాంగము గుణించువారిని మన పల్లెలలో సిద్ధాంతిగారని పిలుచుచున్నాము. గ్రహణము ఏ దినమున, ఎన్ని గడియలకు పట్టునో, ఎన్ని గడియలకు విడుచునో ఆయన ముందుగా వ్రాసిపెట్టవలెను. వ్రాసిన గడియకు గ్రహణము పట్టనిచో ఊరిలో ఆయన మాట చెల్లదు. ఊహ చెప్పువానికి ఈ భయము లేదు. "రావచ్చును, రాకపోవచ్చును" అని తప్పించుకొనును. సిద్ధాంతము మాత్రము ఒక సంఖ్యను పలికి, ఆ సంఖ్య తప్పినచో తాను తప్పినట్లు ఒప్పుకొందునని ముందుగానే మాట యిచ్చును. శాస్త్రజ్ఞులు సిద్ధాంతమని పిలుచునది ఈ జాతికి చెందినది.

గ్రహణము మాట వచ్చినది గనుక అచ్చటనుండియే ఆరంభింతము. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. దాని నీడ మన ప్రాంతముల మీదుగా పోవునని గణితమువలన ముందుగానే తెలిసియుండుటచే దూరదేశముల పండితులు ఇచ్చటికి వచ్చిరి. ఫ్రాన్సు దేశస్థుడైన జాన్సెను అను పండితుడును, టెన్నెంటు అను ఆంగ్ల సైనికోద్యోగియు గుంటూరున విడిసిరి. మదరాసు నక్షత్రశాల అధికారియైన పాగ్సను మచిలీపట్టణమునకును, అదే నక్షత్రశాలలో పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచారిగారు వనపర్తికిని వెళ్ళిరి.

ఆ గ్రహణమున మిక్కిలి ఫలమిచ్చిన పరికరము వర్ణదర్శిని. వానకాలమున ఇంద్రధనుస్సును చూచుచున్నాము గదా. తెల్లని వెలుగును పట్టకముగుండా పోనిచ్చినచో అట్లే రంగులుగా విడిపోవును. పలుచని వాయువు వేడెక్కి వెలిగినప్పుడు మాత్రము రంగులన్నియు వరుసగా రావు. నల్లని నేలమీద కొన్ని సన్నని రంగు గీతలే కనబడును. ఏ మూలద్రవ్యము గీతలు దానివే. మన వ్రేలిముద్రలవలె, ఒకదాని గీతలు వేఱొకదానికి రావు. కావున దూరముననున్న వెలుగును చూచి, అచ్చట నేమి పదార్థము మండుచున్నదో చెప్పవచ్చును.

సూర్యబింబము పూర్తిగా మూయబడిన ఆ కొలది నిమిషములలో, అంచున లేచు జ్వాలల వెలుగును జాన్సెను పరిశీలింపగా ప్రకాశవంతమైన గీతలు కనబడెను. అవి యెంతో స్పష్టముగా నుండుటచే, గ్రహణము లేకున్నను చూడవచ్చునని ఆయనకు తోచెను. మఱునాడు గుంటూరులోనే, గ్రహణము లేని సూర్యుని అంచున, వానిని మరల చూచెను. అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లాండున లాక్యరు అను పండితుడు స్వతంత్రముగా ఆ పనినే చేసెను.

ఆ గీతలలో పసుపుపచ్చనిది యొకటి కలదు. గ్రహణము నాడు దానిని చూచినవారిలో పలువురు అది ఉప్పులోని సోడియము గీత యనుకొనిరి. అట్లనుకొనుటకు కారణము లేకపోలేదు. సోడియము గీతలు 589.0, 589.6 నానోమీటర్ల చోట నుండును. ఈ గీత 587.6 చోట నున్నది. నానోమీటరనగా మీటరులో నూఱుకోట్లవ భాగము. భేదము అట్టి నానోమీటర్లు రెండైనను లేవు. "దగ్గఱగానే యున్నది గదా, సరిపెట్టుకొందము" అని యున్నచో ఆనాడు ఎవ్వరును తప్పు పట్టియుండరు. లాక్యరు సరిపెట్టుకొనలేదు. భూమిమీద తెలిసిన ఏ పదార్థమునకును ఆ గీత లేదని నిశ్చయించి, సూర్యునియందు క్రొత్త మూలద్రవ్యము కలదనెను. గ్రీకు భాషలో సూర్యునికి గల పేరునుబట్టి దానికి హీలియమని పేరు వచ్చెను. చాలమంది నమ్మలేదు. ఇరువదియేడు సంవత్సరములు గడచిన పిమ్మట, 1895లో లండనునందు రాంసే అను రసాయనశాస్త్రజ్ఞుడు యురేనియముగల యొక ఖనిజమునుండి వెలువడిన వాయువులో అదే పసుపుపచ్చని గీతను చూచెను.

"గీత దొరకినది, పదార్థమును దొరకినది, ఇక సిద్ధాంతముతో పని యేమి?" అని అడుగవచ్చును. చూచుట వేఱు, తెలిసికొనుట వేఱు. ఆ గీత 587.6 చోటనే ఏల యుండవలెను? 580 చోట ఏల ఉండరాదు? 1868లో ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు లోకమున లేరు. జవాబునకు దారి తీసినవారిలో ఒకడు స్విట్జర్లాండులోని బాసెలు పట్టణమున బాలికల పాఠశాలలో చదువు చెప్పుచుండిన జొహాన్ బాల్మరు అను ఉపాధ్యాయుడగుట మా వంటివారికి సంతోషకరమైన సంగతి. 1885లో, అఱువదియేండ్ల వయస్సున, ఆయన హైడ్రొజను గీతలు నాలుగింటి కొలతలను ముందుంచుకొని వానికి లెక్క కుదిర్చెను.

విద్యార్థులారా, ఆ లెక్క మీరును చేయదగినది. 364.56 అను సంఖ్యను తీసికొని 9/5 చేత గుణింపుడు, 656.21 వచ్చును. 16/12 చేత గుణింపుడు, 486.08 వచ్చును. 25/21 చేత 434.00, 36/32 చేత 410.13. ఆనాటి కొలతలలో హైడ్రొజను గీతలు 656.21, 486.07, 434.01, 410.12 నానోమీటర్ల చోట నుండెను. పైనున్న 9, 16, 25, 36 అనునవి 3, 4, 5, 6 అను సంఖ్యల వర్గములు. క్రిందనున్నవి ఆ వర్గములనుండి 4 తీసివేయగా మిగులునవి. ఇంతే లెక్క. ప్రకృతిలో ఎవ్వరో కూర్చుండి 3, 4, 5, 6 అని వరుసగా లెక్కపెట్టుచున్నట్లు తోచుట లేదా? కాని ఏల యిట్లు సరిపోయెనో చెప్పగల సిద్ధాంతము లేదు. ఇరువదియెనిమిది సంవత్సరము లట్లే గడచెను.

ఈలోగా బెర్లినులో వేఱొక ద్వారము తెఱువబడెను. అచ్చటి ప్రభుత్వ ప్రమాణశాలలో, దీపముల వెలుగును సరిగా కొలుచుట మొదలగు అవసరములవలన, వేడి వస్తువులనుండి వచ్చు కాంతిని మిక్కిలి శ్రద్ధతో కొలుచుచుండిరి. 1900 అక్టోబరు 7వ తేదీన రూబెన్సు అను పరిశోధకుడు మాక్సు ప్లాంకు ఇంటికి వెళ్ళి, ఎఱుపునకు అవతలనుండు దీర్ఘతరంగముల చోట తమ కొలతలు అప్పటి సూత్రముతో సరిపడుట లేదని తెలియజేసెను. ఆ సాయంకాలమే ప్లాంకు సరిపడు సూత్రమును కనుగొనెను. దాని అర్థమేమని రెండు మాసములు వెదకి, డిసెంబరు 14వ తేదీన, శక్తిని నీటి ధారవలె గాక నాణెములవలె నియతమైన పాళ్ళుగా లెక్కింపవలెనని ప్రకటించెను. ఈ పాలునకే క్వాంటమని పేరు. 1905లో బెర్ను పట్టణమున పేటెంటు కార్యాలయములో ఉద్యోగము చేయుచుండిన ఐన్‌స్టీను, కాంతి తానే అట్టి పాళ్ళుగా నుండునని వాదించెను. అమెరికాలో మిల్లికను ఆ వాదమును నమ్మలేదు. దానిని పరీక్షించుటకు సంవత్సరములతరబడి శ్రమపడి, తుదకు 1916లో ఐన్‌స్టీను సమీకరణము తన కొలతలకు సరిగా సరిపోయినదని తానే ప్రకటించెను. నమ్మనివాని చేతి కొలత కంటె గొప్ప సాక్ష్యమేమి కలదు?

1913లో డెన్మార్కు దేశస్థుడైన నీల్సు బోరు ఈ రెండు దారులను కలిపెను. కోనేటి మెట్లను తలచుకొనుడు. ఈ మెట్టుమీద నిలువవచ్చును, ఆ మెట్టుమీద నిలువవచ్చును. రెంటి నడుమ నిలుచుటకు చోటు లేదు. పరమాణువులోని ఎలెక్ట్రానునకును అట్లే నియతమైన శక్తిమెట్లు కలవనియు, పై మెట్టునుండి క్రింది మెట్టునకు దిగునప్పుడు రెంటి భేదమునకు సరియైన శక్తి ఒక్క కాంతి క్వాంటముగా వెలువడుననియు బోరు చెప్పెను. బాల్మరు లెక్కలోని 3, 4, 5, 6 అనునవి ఎలెక్ట్రాను దిగివచ్చు మెట్ల సంఖ్యలని తేలెను. తీసివేసిన 4 అనునది అది చేరు రెండవ మెట్టుయొక్క వర్గము. బాసెలు ఉపాధ్యాయుని సంఖ్యలకు ఎట్టకేలకు అర్థము దొరకెను.

ఇక్కడనే కథ ముగిసినచో సిద్ధాంతకర్తలు గర్వింపదగియుండిరి. కాని హైడ్రొజనులో ఒక్క ఎలెక్ట్రానే కలదు. దాని తరువాతి మూలద్రవ్యము హీలియము. దానిలో రెండు ఎలెక్ట్రానులు కలవు. హీలియమునుండి ఒక ఎలెక్ట్రానును తీసివేసి, మిగిలిన ఒక్కదానితో లెక్క చేసినప్పుడు బోరు సిద్ధాంతము చక్కగా సరిపోయెను. రెండును ఉన్నప్పుడు మాత్రము చిక్కుపడెను. ఒక ఎలెక్ట్రానును బయటికి లాగుటకు వలయు శక్తి కొలతలో సుమారు 24.6 ఎలెక్ట్రాను వోల్టులు. బోరు పద్ధతి ననుసరించి 1923లో క్రామర్సు చేసిన లెక్కలో 21కి లోపుగా వచ్చెను. నాటి మేధావులు తలక్రిందులుగా శ్రమించినను ఆ భేదము పోలేదు. అప్పుడు వారు "హైడ్రొజనులో సరిపోయినది గదా, చాలును" అనలేదు. ఆ సిద్ధాంతమే అసంపూర్ణమని ఒప్పుకొనిరి. అందరు కీర్తించుచున్న సిద్ధాంతమును ఒక్క సంఖ్య నిమిత్తము విడుచుటకు ఎంత నిజాయితీ కావలెనో ఆలోచింపుడు.

1925లో హైజెన్‌బర్గును, 1926లో ష్రోడింగరును వేఱువేఱు దారులలో క్రొత్త క్వాంటము యంత్రశాస్త్రమును నిర్మించిరి. 1926లోనే హైజెన్‌బర్గు దానితో హీలియమును పరిశీలించెను. ఇచ్చట నొక విచిత్రమైన భావము వచ్చును. కవలపిల్లలు ఎంత పోలికగా నున్నను కన్నతల్లి గుర్తుపట్టును. ఒకనికి పుట్టుమచ్చ యుండును, ఒకని నవ్వు వేఱుగా నుండును. రెండు ఎలెక్ట్రానులకు అట్టి భేదము లేశమును లేదు. మనకు తెలియకపోవుట గాదు, భేదమే లేదు. వానిని తారుమారు చేసినను ఏదియు మాఱినట్లు గాదు. ఈ నియమమును లెక్కలో చేర్చినప్పుడు, రెండు ఎలెక్ట్రానుల స్వభ్రమణములు ఒకే వైపున నున్నచో అవి యొకదాని నొకటి తప్పించుకొని ఎడముగా నుండుననియు, వ్యతిరేకముగా నున్నచో అట్టి ఎడము లేదనియు తేలెను. స్వభ్రమణమను మాట ఉపమానమే గాని బొంగరమువలె తిరుగుచున్నదని భావింపరాదు. ఈ భేదమువలన హీలియమునకు రెండు వేఱువేఱు గీతల కుటుంబములు వచ్చెను. 1895లో వీనిని చూచి, ఇవి రెండు వాయువులేమో యని సందేహించినవారును ఉండిరి. వాయువు ఒక్కటియే, కుటుంబములు రెండు. మన పసుపుపచ్చని గీత ఎలెక్ట్రానులు ఎడముగా నుండు కుటుంబమునకు చెందినది. 1929లో నార్వే దేశస్థుడైన హిల్లెరాసు హీలియము శక్తిని లెక్కించి కొలతకు మిక్కిలి సమీపమైన సంఖ్యను పొందెను. గుంటూరు గ్రహణమునకు అప్పటికి అఱువదియొక్క సంవత్సరములు.

ఇప్పుడు తల్లిదండ్రుల ప్రశ్నకు వత్తము. "దీనివలన ప్రయోజనమేమి?" హీలియము 1908లో లైడెను నగరమున ద్రవముగా మార్చబడెను. సున్నకు క్రింద 269 డిగ్రీల చల్లదనముగల ఆ ద్రవమే నేడు ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. యంత్రముల అయస్కాంతములను చాలవఱకు చల్లబఱచుచున్నది. ఐన్‌స్టీను 1917లో కాగితముమీద చేసిన లెక్కనుండి 1960లో లేజరు పుట్టెను. కంటి ఆసుపత్రిలో దానితో చికిత్స చేయుచున్నారు. బజారులో పప్పు తూచు కిలోగ్రామునకు సయితము 2019 మే 20వ తేదీ మొదలు ప్లాంకు సంఖ్యయే ఆధారము. సూర్యుని అంచునున్న గీతను చూచినవారు ఆసుపత్రిని తలచలేదు. దీపములను కొలిచినవారు పప్పుతూకమును తలచలేదు. ఫలమును ముందుగా చూపినగాని విత్తనము నాటననువానికి ఏ తోటయు దక్కదు.

ఐనను లాభమును చూపి మాత్రమే మేము వాదించినచో, లాభము కనబడని దినమున మా వాదము కూలిపోవును. మన దేశమున ఈ శాస్త్రమునకు పాటుపడినవారు లాభము చూచి పాటుపడలేదు. 1924లో ఢాకా విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయులైన సత్యేంద్రనాథ బోసుగారు, కాంతి క్వాంటములను ఒకదాని నొకటి గుర్తింపరానివిగా లెక్కించి, ప్లాంకు సూత్రమును క్రొత్తదారిని సాధించిరి. ఐన్‌స్టీను ఆ వ్యాసమును తానే జర్మను భాషలోనికి మార్చి ప్రకటింపించెను. మన కృష్ణాజిల్లాలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారు రామనుగారితో కలిసి, చెదరిన కాంతిని పరీక్షించి, కాంతి క్వాంటమునకును స్వభ్రమణము కలదని 1931లో ప్రకటించిరి. పిమ్మట వారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులై, వెంకటరాయుడుగారితో కలిసి, భౌతికశాస్త్రమున ఉపయోగించు సమూహ గణితమును గూర్చిన గ్రంథమును 1948లో వెలువరించిరి. ఇట్టి పనులు తెలుగు విద్యార్థులకు అందనివని చెప్పువారు ఈ సంగతులను మఱచుచున్నారు.

సిద్ధాంతమును విడిచి జవాబులను మాత్రము నేర్చుకొనుటవలని హాని మా కన్నులయెదుటనే కనబడుచున్నది. మెట్లు ఏల ఉన్నవో తెలియక మెట్టు సంఖ్యను వల్లించు బాలుడు, ప్రశ్నలో ఒక్క మాట మార్చినచో నిలిచిపోవును. అంతకంటె పెద్ద హాని మఱియొకటి కలదు. సిద్ధాంతమునకును ఊహకును భేదము తెలియనివాడు పెద్దవాడైన పిమ్మట ఎవరు గట్టిగా చెప్పిన వారిని నమ్మును. నేడు క్వాంటమను పేరు తగిలించి కంకణములను, నీళ్ళసీసాలను, సర్వరోగనివారిణులను అమ్ముచున్నవారు కలరు. "మీ సిద్ధాంతము ఏ సంఖ్యను చెప్పుచున్నది? దానిని కొలిచినవారెవరు? కొలత తప్పినచో మీరు ఒప్పుకొందురా?" అను మూడు ప్రశ్నలు అడుగ నేర్చిన బిడ్డ అట్టివారికి లొంగడు. ఆ మూడు ప్రశ్నలు నేర్పుటకు మాకు తెలిసిన పాఠములలో పరమాణువు పాఠము మేలైనది.

కొందఱు, "ఇది పండితులకు తగును, మా పిల్లలందఱు పండితులగుదురా?" అందురు. కారు. కానక్కఱలేదు. ఎలెక్ట్రానుల లెక్క అందఱికిని అందదనియు మేమెఱుగుదుము. కాని బాల్మరు లెక్కకు గుణకారము, భాగహారము తప్ప మఱేమియు వలదు. ఆ లెక్క తాను చేసి, సంఖ్య కొలతకు సరిపోవుట తన కన్నులతో చూచిన బాలిక, రేపు బ్యాంకులో పద్దులు చూచినను, ఆసుపత్రిలో మందు కొలిచినను, "దగ్గఱగానే యున్నది గదా" అని సరిపెట్టుకొనదు. మఱికొందఱు, "సిద్ధాంతమే గొప్పది, చేతిపని యెందులకు?" అని ఇంకొక కొసకు పోవుదురు. అదియు తప్పే. రూబెన్సు కొలిచియుండనిచో ప్లాంకునకు సూత్రము లేదు. మిల్లికను కొలిచియుండనిచో ఐన్‌స్టీనునకు సాక్ష్యము లేదు. సిద్ధాంతమును కొలతయు బండికి రెండు చక్రములు.

కావున మేము కోరునది ఇది. పాఠశాలవారు వారమునకు ఒక్క గంటయైనను పరీక్షతో సంబంధము లేని "ఏల?" అను ప్రశ్నకు విడువవలెను. ఆ గంటలో ప్రతి విద్యార్థియు బాల్మరు సంఖ్యలు నాలుగింటిని తన చేతితో లెక్కింపవలెను. ఉపాధ్యాయుల యెదుట, స్పిరిటు దీపపు మంటలో చిటికెడు ఉప్పు వేసి సోడియము పసుపును చూడవలెను, పాత సి.డి. బిళ్ళమీద గదిలోని దీపపు వెలుగును పడనిచ్చి అది రంగులుగా విడిపోవుటను చూడవలెను. సూర్యునివైపు మాత్రము చూడరాదు. మేము ఏ సంగతి చెప్పినను "ఇది మన కెట్లు తెలిసినది?" అని విద్యార్థులు అడుగవలెను, అడిగినవారిని మేము కసరక, తెలిసినంత చెప్పి, తెలియనిది తెలియదనవలెను. తల్లిదండ్రులు, తమ బిడ్డ యేదైన సాయంకాలము పుస్తకము మూసి ఆకాశము ఏల నీలముగా నున్నదని అడిగినచో, "ఇది పరీక్షలో వచ్చునా?" అని ఎదురు ప్రశ్న వేయకుండవలెను. ఆ బిడ్డకు ఇంటర్మీడియేటులో భౌతికశాస్త్రముమీద మక్కువ యున్నచో, అన్నము దొరకదను భయముతో ఆ మక్కువను చంపకుండవలెను.

తుదకు ఆ పసుపుపచ్చని గీతనుగూర్చి ఇంకొక సంగతి చెప్పవలసియున్నది. హిల్లెరాసు తరువాత తొంబది సంవత్సరములపాటు పండితులు హీలియము లెక్కను ఇంకను ఇంకను సూక్ష్మముగా చేయుచు వచ్చిరి. 2021లో ముగ్గురు పండితులు అప్పటికి అన్నింటికంటె సూక్ష్మమైన లెక్కను ప్రకటించిరి. ఒక చోట అది కొలతతో అద్భుతముగా సరిపోయెను. మఱి రెండు చోట్ల భేదము కనబడెను. ఆ రెండింటిలో ఒకటి ఏదనుకొనుచున్నారు? 1868లో సోడియమని భ్రమింపజేసిన ఆ పసుపుపచ్చని గీతయే. భేదము మిక్కిలి స్వల్పము. మన పాఠశాల పరికరములలో దేనికిని కనబడనంతటిది. ఐనను వారు దానిని దాచలేదు. తమ లెక్కకును కొలతకును పొత్తు కుదురలేదని ఆ వ్యాసమందే వ్రాసిరి.

విద్యార్థులారా, మీ పాఠ్యపుస్తకములో పరమాణు నిర్మాణము పది పదునైదు పుటలలో ముగిసిపోయినట్లు కనబడును. అది ముగిసినది గాదు. అచ్చులో ఇమిడినంత వఱకు వ్రాసి అచ్చట నిలిపిరి. లెక్కకును కొలతకును నడుమ అట్టి వెంట్రుకవాసి యెడము కనబడిన ప్రతిచోటను, దాని కారణమును వెదకువారు కావలెను. వారిలో ఒకరు ఈ సంచికను చదువుచున్న మీలోనుండి ఏల రారాదు? వచ్చినను రాకున్నను, పరీక్షకు ముందు ఆ నడుమ పుటలను త్రిప్పివేయక, ఒక్కసారి నెమ్మదిగా చదువుడని మిమ్మును కోరుచున్నాము. చదువుటకు వారికి ఆ కాలమిండని మీ తల్లిదండ్రులకు మనవి చేయుచున్నాము.